తెలియదన్న టీచరమ్మ

మా సండే స్కూల్ టీచరమ్మ ఇక లేరు. పోయిన మంగళవారం ఉదయం, ఎచ్చెర్లలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీ తాళం తీస్తుండగా, అమ్మ పాతపట్నం నుంచి ఫోన్ చేసింది. "టీచరమ్మ ఎల్లిపోనారే" అని, "నీ గురించి మొన్న కూడా అడిగారు" అంది. ఆ రోజంతా ఏ పుస్తకం ఏ అరలో పెట్టానో నాకే తెలియదు.

మాది నిష్ఠగల బాప్టిస్టు కుటుంబం. బొట్టు పెట్టుకుంటే పాపం, ప్రసాదం తింటే పాపం. వీధిలో అమ్మవారి ఊరేగింపు వెళ్తుంటే కిటికీ తలుపులు మూసేయాలి. ఈ భయాలు నాకు సగం ఇంట్లో, సగం ఆదివారం పొద్దున్న టీచరమ్మ దగ్గర అంటుకున్నాయి. ఆమె తెల్ల చీర కొంగుని తలమీద పిన్నుతో నిలుపుకునేవారు. బైబిలు వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పిన వాళ్లకి నిమ్మతొన బిళ్ల ఇచ్చేవారు. తప్పు చెప్పినవాళ్లకీ ఇచ్చేవారు, కాకపోతే విరిచి సగమే. క్లాసుకి రానివాళ్ల ఇంటికి సాయంత్రానికల్లా వెళ్లి, జ్వరమో బద్ధకమో నుదురు పట్టుకుని చూసేవారు.

ఆమె దగ్గర ఒక బొమ్మల చార్టు ఉండేది. ఇరుకు దారి వెలుగులోకి, వెడల్పు దారి మంటల్లోకి. బాప్తిస్మం తీసుకోనివాళ్లంతా ఆ మంటల్లోకేనని బెత్తంతో చూపించేవారు. టీచరమ్మ పెళ్లయ్యాక చర్చి సంఘంలోకి వచ్చారు. శృంగవరపుకోట దగ్గర పల్లెలో ఉండే వాళ్లమ్మ మాత్రం చివరిదాకా తన దేవుళ్లని వదల్లేదు. కూతుర్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆవిడ మా వీధి పిల్లలందరికీ కాల్చిన జీడిపిక్కలు వలిచి పెట్టేది. ఆవిడ చనిపోయిన ఏడాదికి, తొమ్మిదేళ్ల నేను క్లాసులో చెయ్యెత్తి అడిగాను.

"టీచరమ్మా, మీయమ్మ కూడా ఆ మంటల్లోకే ఎల్లిపోనాదా?"

బెత్తం చార్టు మీదే ఆగిపోయింది. ప్రార్థన చేయకుండానే మమ్మల్ని ఇళ్లకి పంపేశారు.

మరుసటి ఆదివారం ఆమె రాలేదు. సంగతి తెలిసిన అమ్మ నాకు రెండు తగిలించి, క్షమాపణ చెప్పించడానికి వాళ్లింటికి ఈడ్చుకెళ్లింది. టీచరమ్మ నన్ను దగ్గరికి లాక్కుని అమ్మతో, "దాన్ని కొట్టకు. ఏడాది బట్టీ నన్ను నాను అడుక్కుంతన్నదే అది అడిగింది" అన్నారు. తర్వాత నాకేసి తిరిగారు. "నాకు తెల్దు పిల్లా. తెల్దని సెప్పడానికి బయమేసింది, అంతే."

దేవుడి విషయంలో తెలియదని ఒక పెద్ద మనిషి అనగా వినడం నాకదే మొదలు.

క్లాసుకి తిరిగొచ్చాక ఆమె ఆ చార్టు విప్పలేదు. సంఘపెద్ద కారణం అడిగితే, "ఆ పాటం నాను సెప్పలేను బాబూ. మిగతాయన్నీ సెప్తాను" అన్నారు. సంఘంవాళ్లు క్లాసు ఇంకొకరికి ఇచ్చేశారు. అయినా ఆమె ప్రతి ఆదివారం వచ్చి, చాప చివర మాతోపాటు కూర్చుని, ఏడ్చే చంటివాళ్లని ఒళ్లో వేసుకునేవారు. కొత్త టీచరు మంటల బొమ్మ చూపిస్తుంటే తల దించుకునేవారు.

పెద్దయ్యాక నాలో ప్రశ్నలు పెరిగాయి. చర్చికి వెళ్లడం తగ్గింది, ఆనక ఆగిపోయింది. నాన్న నాతో రెండేళ్లు సరిగ్గా మాట్లాడలేదు. టీచరమ్మ మాత్రం ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

మొన్న వేసవిలో చివరిసారి వెళ్లినప్పుడు, ఆమె అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నారు. పక్కన కూర్చుని, ఇన్నేళ్లకి నోరు విప్పాను.

"నా మూలంగానే మీ క్లాసు పోనాది."

"పోతే పోనాది. ఆయేల నుంచే నాకు నిద్దర పట్టింది."

"నాను చర్చికి రావట్లేదు టీచరమ్మా. నమ్ముతన్నానో లేదో నాకే తెల్డం లేదు."

ఆమె ఒక పిక్క తీసి పక్కన వేశారు. "అన్నం వేళకి తింతన్నావా?"

"తింతన్నాను."

"అయితే సరే."

బస్సు వేళకి లేచాను. ఊరెళ్లే వాళ్ల తల మీద చెయ్యి వేసి, పైకి వినపడేలా ప్రార్థించడం ఆమె అలవాటు. ఆ రోజు రెండు చేతులూ నా తల మీద పెట్టి, పెదవి కదపకుండా నిలబడ్డారు. కళ్లు మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు.

బస్సులో కిటికీ గాలికి జుట్టంతా ఎగురుతూనే ఉంది. ఆమె వేళ్ల చింతపండు జిగురు అంటిన చోట మాత్రం కదలలేదు.