ఎన్ని తాగావురా?

ఆంటీ పోయారని మంగళవారం పొద్దున అంకుల్ ఫోన్ చేశారు. "కోవిడ్ కదా, చర్చిలోకి పదిమందికే పర్మిషన్ బాబూ. మీ ఆంటీ లిస్టు తనే రాసిపెట్టుకుంది. చూసి మళ్ళీ చేస్తా," అన్నారు. జన్మలో ఒక్క సిగరెట్టు ముట్టని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్. పదిహేనేళ్ళుగా తాగుతున్న నేను మాత్రం గుండ్రాయిలా ఉన్నాను. ఏడుపు కన్నా ముందు నాకు ఒళ్ళు మండింది.

మొదటి లాక్‌డౌన్‌లో నేను డ్రోహెడా ఊళ్ళో వాళ్ళింటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ నర్సు. సిగరెట్ మాన్పించడం ఆవిడ పని. ఆ రోజుల్లో పేషెంట్లతో ఇంటినుంచే ఫోన్లో మాట్లాడేవారు. ఐర్లండుకొచ్చి ఇరవయ్యేళ్ళైనా ఆలోచన తెలుగులోనే. "హౌ మెనీ సిగరెట్స్ యు డ్రింక్?" అని అడిగేవారు. మీరు నవ్వుకున్నా ఫరవాలేదు, ఆవిడా నవ్వేవారు. ఒక ముసలాయన "సిగరెట్లు డ్రింక్ చెయ్యనమ్మా, డ్రింక్ చేసేది బీరే" అన్నాడట. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, అదే డ్రింకు.

నా చొక్కా వాసన పసిగట్టడానికి ఆవిడకు వారం పట్టలేదు. ఓ మధ్యాహ్నం వంటింట్లో కూర్చోబెట్టి, పేషెంట్లకు నింపే ఫారం తీశారు.

"ఎన్ని తాగుతున్నావురా?"

"పదో, పన్నెండో."

"చదువు?"

"ఎంటెక్. మీకు తెలుసుగా ఆంటీ."

"అదే మరి! చదువుకున్నోళ్ళు తక్కువ తాగుతారంటారు మా ఆఫీసులో. నీ ఎంటెక్ ఏ గంగలో కలిసిందో!"

తర్వాతి ప్రశ్న, ఇష్టం ఆడవాళ్ళంటేనా, మగవాళ్ళంటేనా అని. "ఇదెందుకు?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"మగాళ్ళని ఇష్టపడే మగాళ్ళు ఎక్కువ తాగుతారంట. రోజూ ఎవరేమంటారో అని బిక్కుబిక్కుమంటూ బతికితే తాగరా మరి?"

నా సంగతి ఆవిడకు తెలిస్తే ఆదివారం ప్రార్థన వాళ్ళకు తెలుస్తుంది. అక్కణ్ణుంచి తెనాలిలో మా అమ్మదాకా పాకడానికి ఎంతసేపు? గది పోతే లాక్‌డౌన్‌లో ఎవరిస్తారు?

"మనవాళ్ళనైతే ఇది అడగను. 'ఆడవాళ్ళు' అని నేనే టిక్ కొట్టేస్తా," అంటూ పెన్నెత్తి నా ముఖం చూశారు. చేయి ఆగింది. "నువ్వే నింపుకో నాయనా," అని పెన్ను నా ముందుపెట్టి, పప్పు కలపడానికి లేచారు.

నేను నింపలేదు. ఆవిడ ఆ కాగితాన్ని చూడకుండానే మడిచి గిన్నెల అలమారలో పెట్టేశారు. "చెప్పుకుంటే సగం తగ్గుద్దిరా. సిగరెట్టైనా, ఇంకేదైనా," అన్నారు, నావైపు తిరక్కుండా.

ఆ వేసవి చివర ఆ గది ఖాళీచేసి లెపర్డ్స్‌టౌన్‌కు మారాను. ఫ్రెండుతో ఉంటున్నానని చెప్పాను. ప్రతి ఆదివారం ఫోన్ వచ్చేది.

"ఎన్ని తాగావురా?"

"నాలుగు."

"మీ ఫ్రెండు?"

"వాడు తాగడు."

"వాడే నయం. ఫోన్ వాడికియ్యి, నీ మీద చాడీలు చెప్తా."

ఎప్పుడూ ఇవ్వలేదు. ఒక్కసారైనా ఇవ్వాల్సింది.

ఆ మంగళవారం సాయంత్రం అంకుల్ మళ్ళీ ఫోన్ చేశారు. "లిస్టులో నీ పేరు పక్కన 'ఇద్దరు' అని రాసింది బాబూ. రెండో మనిషెవరే అని అప్పుడే అడిగా. వాడికి తెలుసులే అంది." ఉన్నదే పది చోట్లు. చోటు చాలక ఆవిడ సొంత మేనకోడలు ప్రార్థనను ఫోన్లో చూసింది.

చర్చిలో ఒక బెంచీకి ఒకే ఇంటివాళ్ళు కూర్చోవాలని నియమం. గుమ్మంలో నిలబడ్డ ఐరిష్ పెద్దాయన మా ఇద్దర్నీ చూసి, "సేమ్ హౌస్?" అన్నాడు. మావాడు నావైపు చూశాడు. ముందు బెంచీల్లో అంతా మనవాళ్ళే.

"అవును. ఒకే ఇల్లు. మేమిద్దరం," అన్నాను, అందరికీ వినపడేలా. తెలుగులో అన్నానని, పాపం ఆయనకు అర్థం కాలేదని ఆ తర్వాత తట్టింది.

ముందు వరసలో అంకుల్ వెనక్కి తిరిగారు. మాస్కు పైన కళ్ళు మాత్రం కనిపించాయి. తన వెనక ఖాళీగా ఉన్న బెంచీ మీద చేత్తో రెండుసార్లు తట్టి, ఇటు రండి అన్నట్టు తలూపారు.