నేను వెలిగించిన కర్పూరం

ఆ కబురు మొదట తెచ్చినవాడు చంద్రప్ప. ఒకప్పుడు పుంగనూరులో మా వసారాలో కూర్చుని కథలు రాసిన పిల్లవాడు, ఇప్పుడు మదనపల్లెలో టీచరు.

"అమ్మా, నీ దగ్గర రాసేది నేర్సుకున్నోళ్లంతా కలిసి నీకు శాలువా కప్పాలనుకుంటాండాము."

చేతులు జోడించాను. ఏళ్లుగా మోస్తున్న బరువు ఆ చేతుల్లోకే దిగింది.

"సరోజ వస్తాదా?" అన్నాను.

"కుప్పంలో కలిసినానమ్మా. 'నాకు రాసేది రాదప్పా, నేనొచ్చి ఏం జేస్తా' అనింది."

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆ రుణం తీర్చుకోవాలనే శనివారం భజన అయ్యాక పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టుకునేదాన్ని. "మీ ఇంటి సంగతే రాయండి, అదే కథ" అనేదాన్ని. దేవుడిచ్చిన పని అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

సరోజ వాళ్లమ్మ మదనపల్లె మార్కెట్లో టమాటాలు ఏరేది. ఒక శనివారం సాయంత్రం సరోజ ఆమె గురించే రాసి చదివింది. 'సోపేసి కడిగినా మాయమ్మ చేతుల్లో టమాటా వాసన పోదు. ఆ చేత్తో ముద్ద పెడితేనే నాకు ఆకలి తీరుతుంది.' పిల్లలు కదల్లేదు. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. అంతకుముందే నేను కట్టిన దేవుడి పాట పాడాను. అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఆ రెంటికీ తేడా నాకు తెలిసిపోయింది. సంతోషించాల్సిన చోట నాలో లేచింది ఏమిటి? అసూయ. పదిహేనేళ్ల పిల్ల మీద.

"యాడ సూసి రాసినావు?" అన్నాను.

"యాడా సూడలేదమ్మా. మాయమ్మనే సూసి రాసినా."

పిల్లలు నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

"అయితే కర్పూరం ఆర్పు" అని పళ్లెంలో వెలిగించి ముందు పెట్టాను.

మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేస్తే మా వైపు ఇక ఎవరూ అనుమానించరు. కానీ సరోజ వాళ్ల నాన్న చేనిగట్టు తగాదాలో అలా ఆర్పి, ఆ ఏడే పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ప్రమాణం చేయరు. ఈ సంగతి వాళ్లమ్మ ఏడుస్తూ చెప్పింది నాకే, ఆ వసారాలోనే. తెలిసే అడిగాను.

"అదొక్కటీ వద్దమ్మా" అంది సరోజ.

"సూసినారా?" అన్నాను మిగతావాళ్లతో.

లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

పిల్లలకు నిజాయితీ నేర్పాను అని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరిని నమ్మించడానికి? ఆమె రాతను నేను క్షణమైనా అనుమానించలేదు. నా ఓర్వలేనితనానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను. రోజూ హారతి ఇస్తూ ఆ మంటను సూటిగా చూడలేను.

శాలువా వద్దన్నాను. "యాలమ్మా?" అన్నాడు చంద్రప్ప. అతనికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. కుప్పం బస్సు ఎక్కే ధైర్యం ఇంకా రాలేదు. క్షమాపణ మీ దగ్గర అడగను, అది ఇవ్వాల్సింది మీరు కాదు. చెప్పాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.

మీలో ఎవరైనా పిల్లల చేత రాయిస్తుంటే, వాళ్లు చదవడం మొదలుపెట్టే ముందు ఒక్కసారి సరోజను తలచుకోండి. ఆ సాయంత్రం చదివిన ప్రతి మాటా ఆమె సొంతం.