రేపల్లె ఇంట్లో లినక్స్

రేపల్లె నుంచి ఫోను వచ్చేసరికి నేను తెనాలిలో, కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. ఫోన్‌లో ఆ నంబరు ఇంకా 'అత్తయ్య' అనే పేరుతోనే ఉంది. బాపట్ల కోర్టులో మా విడాకులు మంజూరై అప్పటికి నెల దాటింది. పేరు మార్చాలని నాకు తట్టలేదు. వరండాలోకి వచ్చి మాట్లాడాను.

"అమ్మాయ్, పనిలో ఉన్నావా?"

"పర్లేదండి, చెప్పండి."

"కంప్యూటరు రావట్లేదు. పాస్‌వర్డ్ కొడితే ఒకసారి నల్లగా అయిపోయి, మళ్ళీ పేర్లు కనపడే చోటికే వచ్చేస్తోంది. తప్పు కొడుతున్నానేమో అనుకున్నా. తప్పు కొడితే తప్పని చెప్తుంది కదా. ఇది ఏమీ చెప్పట్లేదు."

ఆ చివరి మాటతో నాకు సంగతి చాలావరకు తెలిసిపోయింది. పాస్‌వర్డ్ సరైనదే. లోపల డెస్క్‌టాప్ లేవడం లేదు.

"ఎప్పట్నుంచండి?"

"పోయిన ఆదివారం నుంచి. ఏదో అప్‌డేట్ అని అడిగితే నొక్కాను. బజార్లో షాపతన్ని పిలిచాను. ఇది మాకు తెలియదండి, అంతా తుడిచేసి మామూలుది వేస్తానన్నాడు. వద్దన్నాను." కొంచెం ఆగి, "నువ్వు రావాలని కాదులే. ఫోన్లో చెప్తే నేనే చేస్తాను," అన్నారు.

ఫోన్లో చెప్పి చేయించగలిగింది కాదు. శనివారం వస్తానన్నాను. వెళ్ళాలా వద్దా అని ఆలోచించాల్సిన విషయమని కూడా నాకు అనిపించలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ తగిలేది కాదు. కూరలో ఉప్పు లేకపోయినా తినేసేదాన్ని. ఎవరైనా జాలిగా మాట్లాడితే వాళ్ళ నోటివైపు చూస్తూ ఉండేదాన్ని. ఏడిస్తే తేలికపడతావని మా అక్క చాలాసార్లు అంది. ఏడుపు రాలేదు. విడిపోవడానికి చెప్పుకునేంత కారణం కూడా లేదు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గుతూ వచ్చాయి. ఆయన బాపట్లలో ఉద్యోగానికి గది తీసుకున్నారు, నేను తెనాలిలో తీసుకున్నాను. ఆ తర్వాత కాగితాల మీద సంతకాలు పెట్టాం.

రేపల్లె ఇంట్లో ఆ కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసింది నేనే. పెళ్ళయిన కొత్తలో అది వైరస్‌తో మూలుగుతూ ఉండేది. ఆయన వాళ్ళమ్మ రిటైరైన తెలుగు టీచరు. కొత్తది వద్దు, దీన్నే బాగుచెయ్యమన్నారు. తెలుగు కీబోర్డు పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాక ఆవిడ దాన్ని వదల్లేదు. వాళ్ళ చర్చిలో స్త్రీల సమాజానికి వచ్చే ముసలివాళ్ళకు పాటల పుస్తకంలో అక్షరాలు ఆనవు. ఆవిడ వారానికో పాట పెద్ద అక్షరాల్లో టైపు చేసి, ఇంట్లో ఉన్న పాత ప్రింటర్‌లో తీసి పంచేవారు. కంప్యూటరు పాడై ఆ పని ఆగింది.

శనివారం పొద్దున రేపల్లె పాసింజర్ ఎక్కాను. వేమూరు దాటాక సీటు దొరికింది. పొలాల్లో నాట్లు అయిపోయి నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎదురుగా ఒకావిడ చెరుకుపల్లిలో తన కూతురికి పురుడొచ్చిన సంగతి చెప్పుకొచ్చింది. భట్టిప్రోలు దాటేదాకా విన్నాను. దిగేటప్పుడు, "నీకెంతమంది పిల్లలమ్మా?" అని అడిగింది. లేరన్నాను. అంతకుముందు ఆ ప్రశ్నకు ముఖం తిప్పుకునేదాన్ని. ఆ రోజు మామూలుగా చెప్పాను.

రేపల్లె ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాస్త చిక్కారు. నన్ను చూసి లేచి, "వందనాలమ్మా, రా," అన్నారు. చర్చికి వచ్చిన వాళ్ళను పలకరించినట్టు అలా అన్నారు. నేనూ వందనాలండి అన్నాను. చెప్పులు విడిచి తిన్నగా కంప్యూటర్ గదిలోకి వెళ్ళాను. ఫ్యాను స్విచ్చి ఎక్కడుందో చెయ్యే వెతుక్కుంది.

స్క్రీన్ మీద మూడు పేర్లున్నాయి. ఆవిడది, ఆయనది, నాది. ఆవిడ పేరు నొక్కి పాస్‌వర్డ్ కొట్టమన్నాను. ఫోన్లో చెప్పినట్టే అయింది. నల్లబడింది, మళ్ళీ మూడు పేర్లు వచ్చాయి. కీబోర్డు మీద మూడు మీటలు కలిపి నొక్కి, బొమ్మలేవీ లేని అక్షరాల స్క్రీన్‌లోకి వెళ్ళాను. నల్లటి తెర మీద తెల్లటి గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

"పోయిందా మొత్తం?" అన్నారు ఆవిడ.

"పోలేదండి. ఇది లోపలి దారి. డెస్క్‌టాప్ పాడైనా ఇది పనిచేస్తుంది."

నా పేరుతో లోపలికి వెళ్ళాను. పాస్‌వర్డ్ పాతదే. డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూస్తే అసలేమీ లేదు. కొత్త వెర్షన్ దింపుకోవడం మొదలుపెట్టి, చోటు చాలక, సగం పాతదీ సగం కొత్తదీ కలగలిసి నిలిచిపోయింది. చోటంతా ఎవరు తిన్నారా అని చూస్తే నేనే. కరోనా రోజుల్లో కాలేజీ మూసేసినప్పుడు ఆ గదిలోనే కూర్చుని రికార్డు చేసిన పాఠాలు, పెద్ద పెద్ద వీడియోలు, నా ఫోల్డరు నిండా ఉన్నాయి. ఆ పాఠాలు చెప్పేటప్పుడు ఆయన తలుపు దగ్గర కాపలా ఉండేవారు, ఎవరూ లోపలికి రాకుండా. ఆవిడ కుక్కర్ పెట్టడం ఆపేసేవారు.

"వీటిని తీసేస్తే సరిపోతుందండి," అన్నాను.

"నీ పాఠాలా? ఒకసారి చూసుకోవా?"

"అక్కర్లేదండి. పాత సిలబస్ అది."

తీసేశాను. అలా తీసేసినవి మళ్ళీ రావు. ఖాళీ ఎంత పెరిగిందో మాత్రం చూశాను.

ఇంట్లో నెట్ అంతంతమాత్రంగా ఉంది. నా ఫోను కేబుల్‌తో కలిపి దాని నెట్ ఇచ్చాను. సగంలో ఆగినవాటిని ముందు పూర్తి చెయ్యమని, ఆ తర్వాత మిగిలినవి దింపుకోమని ఆజ్ఞలు ఇచ్చాను. అక్షరాలు వరసగా కిందినుంచి పైకి పోతున్నాయి. ఆవిడ పక్కన కూర్చుని కాసేపు చూసి, వంటింట్లోకి వెళ్ళారు.

మధ్యాహ్నం గేటు చప్పుడైంది. నేను తిరిగి చూడలేదు. "ఈ వారం రానన్నావుగా," అని ఆవిడ అనడం వినపడింది. "బస్సు దొరికిందమ్మా," అన్నారు ఆయన. నేను వస్తున్నట్టు ఆయనకు చెప్పలేదు ఆవిడ. ఆయన వస్తారని ఆవిడకూ తెలియదు. ఆయన గది గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయారు. అంతకుముందు ఆయన్ని చూసింది బాపట్లలో, కోర్టు వరండాలో. అక్కడ కూడా ఇలాగే తలుపు పక్కన, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డారు.

"ఎలా ఉన్నావు?"

"బాగున్నానండి."

"ఏమైంది దానికి?"

"డిస్కు నిండిపోయింది. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయింది. మీ అమ్మగారు చూసుకోకుండా నొక్కినట్టున్నారు."

"అమ్మ కాదు, నేను నొక్కాను. కొత్త వెర్షన్ వచ్చిందని అడుగుతుంటే సరే అన్నాను. దాన్నలా వదిలేసి బస్సుకి వెళ్ళిపోయాను."

ఫోన్లో తనే నొక్కానని చెప్పిన ఆవిడ వంటింట్లోంచి, "ఎవరు నొక్కితే ఏంటి? ముందు భోజనాలకి రండి," అన్నారు.

ముగ్గురం కూర్చున్నాం. పెనుమూడి నుంచి వచ్చిన చేపలతో పులుసు పెట్టారు. ఆయన గిన్నెలోంచి నడిమి ముక్క తీసి, అలవాటుగా నా కంచంలో వేశారు. వేశాక చెయ్యి గాల్లోనే ఆగింది. "ముల్లు చూసుకో," అన్నారు. సరేనన్నాను. ఆవిడ తల వంచుకుని అన్నం కలుపుతున్నారు. నాకు ఏదో ఒకటి అనిపిస్తుందని ఎదురుచూశాను. కోపమో, దుఃఖమో, కనీసం ఇబ్బందో. ఏదీ రాలేదు. ముక్క తిన్నాను. పులుసు బాగుందనే అనుకుంటున్నాను, రుచి మాత్రం గుర్తులేదు. చెయ్యి కడుక్కుని మళ్ళీ గదిలోకి వెళ్ళాను.

దింపుకోవడం అయిపోయింది. మెషీన్ ఆపి మళ్ళీ వేశాను. ఈసారి ఆవిడ పాస్‌వర్డ్ కొడితే లోపలికి వెళ్ళింది. అయితే వట్టి నీలం రంగు మాత్రమే ఉంది. కింద పట్టీ లేదు, గుర్తులు లేవు, మెనూ లేదు. మౌస్ బాణం ఒక్కటే తిరుగుతోంది.

"ఇదేంటి, ఇల్లు కడిగేసినట్టుంది," అన్నారు ఆవిడ.

సిస్టమ్‌లోనే లోపం ఉందా, లేక ఆవిడ సెట్టింగుల్లో ఉందా తేల్చుకోవాలి. దానికి తేలిక మార్గం కొత్త ఖాతా ఒకటి తెరిచి చూడడం. 'పరీక్ష' అని పేరు పెట్టి తెరిచాను. అందులో పట్టీ, మెనూ, అన్నీ శుభ్రంగా వచ్చాయి. అంటే సిస్టమ్ బాగానే ఉంది. ఆవిడ పాత సెట్టింగులు కొత్త డెస్క్‌టాప్‌కి పడటం లేదు. ఆ సెట్టింగుల ఫోల్డర్‌ని పేరు మార్చి పక్కన పెట్టి, పరీక్ష ఖాతా తీసేశాను. ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్తే డెస్క్‌టాప్ మొత్తం కనపడింది. టైపు చేసినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటే తెరిచి చూసుకున్నారు.

"బాగానే ఉంది కానీ, ఈ పట్టీ పైకి పోయిందేంటి? మెనూ ఆ మూలకి పోయింది."

"కొత్త వెర్షన్‌లో అలా పెట్టారండి. కిందకి దించుతాను."

దించాను. గడియారం కుడివైపు పెట్టాను. తెలుగు కీబోర్డు మళ్ళీ కలిపాను. ఆవిడ ఒక వాక్యం కొట్టి పెదవి విరిచారు. అక్షరాలు బక్కగా ఉన్నాయన్నారు. పాత అక్షరాల ఫైలు పక్కన పెట్టిన ఫోల్డర్‌లో ఉండిపోయింది. దాన్ని తెచ్చి దాని చోట్లో వేశాను. ఒత్తులు నిండుగా వచ్చాయి. ప్రింటర్ కాసేపు మొరాయించి కాగితం లాక్కుంది. ఆవిడ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చెయ్యి చాచి దూరం పెట్టి చదివారు.

"ఇది చాలు," అన్నారు.

మిగిలింది ఒక్కటే. ఆయన గుమ్మంలోంచి అడిగారు. "నీ ఖాతా ఉంచుతావా?"

నేను ఆవిడ వైపు చూశాను. "మీ ఇష్టమండి."

"నా ఇష్టమేంటి? పేరు నీది."

"అప్‌డేట్ ఎవరైనా నొక్కచ్చు గానీ, మరమ్మతు చేసే అధికారం ఆ ఖాతాకే ఉందండి. మీది మళ్ళీ మొరాయిస్తే దాన్లోంచే వెళ్ళాలి."

"అయితే ఉండనివ్వు," అన్నారు ఆయన. అలాగే ఉంచాను. ఆయన బాపట్ల బస్సుకి టైమవుతోందని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నాతో, "థాంక్స్," అన్నారు. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం ఆ మాట అనుకున్నట్టు లేదు.

నేను కేబుల్ చుట్టుకుంటుంటే ఆవిడ మంచం అంచున కూర్చున్నారు.

"పొద్దుట్నుంచీ నన్ను ఏమనీ పిలవలేదు నువ్వు. వాడితో మాట్లాడేటప్పుడు మీ అమ్మగారు అన్నావు."

నేను కేబుల్ చుట్టడం ఆపలేదు. "ఏమని పిలవాలో తెలియలేదండి."

"నాకూ తెలియట్లేదు. అత్తయ్యా అనమని అడిగే హక్కు నాకు లేదు. ఆంటీ అంటే నేను పలకను." ఒడిలో ఉన్న కాగితాన్ని సర్దుకున్నారు. "ఊళ్ళో అందరూ నన్ను టీచరుగారు అంటారు. నువ్వూ అలానే అను."

"సరేనండి," అన్నాను.

"అను."

"టీచరుగారూ."

"ఆఁ," అన్నారు. లేచి లోపలికి వెళ్ళి, డబ్బాలో పులుసు పోసి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి ఇచ్చారు. ట్రైన్లో ఒలకకుండా నిలబెట్టి పట్టుకోమన్నారు. తెనాలి దాకా దాన్ని రెండు చేతులతో అలాగే పట్టుకుని కూర్చున్నాను. గదికి వచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా దాన్ని స్టవ్ మీద వేడిచేసుకున్నాను. ఆ పూట పులుసు పుల్లగా, కారంగా ఉందని తెలిసింది. అంతకంటే పెద్ద మార్పేమీ రాలేదు. మర్నాటి నుంచి మళ్ళీ ఉప్పు సంగతి గమనించకుండానే తిన్నాను. ఆ మొద్దుబారడం పోవడానికి చాలా రోజులు పట్టింది, ఎప్పుడు పోయిందో చెప్పలేను.

ఆ తర్వాత ఆవిడ అప్పుడప్పుడు ఫోన్ చేసేవారు. ముందు కంప్యూటర్ సంగతి, తర్వాత నా ఆరోగ్యం అడిగేవారు. కొడుకు మాట ఎత్తేవారు కాదు. ఒకసారి ఆయనకు బాపట్లలోనే మళ్ళీ సంబంధం కుదిరిందని చెప్పారు. వేరేవాళ్ళ నోట వినేకంటే తన నోట వినడం మంచిదని అన్నారు. మంచిదండి అన్నాను. ఆ తర్వాత, "ఈ ప్రింటరు గీతలు గీతలుగా వేస్తోంది," అన్నారు. టోనర్ తీసి ఒకసారి మెల్లగా అటూ ఇటూ ఊపమన్నాను.

తర్వాతి వెర్షన్ వచ్చినప్పుడు ఆవిడే చేశారు. నేను తెనాలి బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. పాటలన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకున్నారు. డిస్కులో చోటు ఎంతుందో చూశారు. కరెంటు ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ పూట కోత ఉందా లేదా అని కూడా కనుక్కున్నారు.

"ఇప్పుడు నొక్కనా?"

"నొక్కండి, టీచరుగారూ."

"నువ్వు ఫోను పెట్టెయ్. అయ్యాక చేస్తాను. ఊరికే చెవి దగ్గర పెట్టుకుని నిలబడకు, బస్సు పోతుంది."

బస్సు ఎక్కాను. దిగే ముందు మళ్ళీ ఫోన్ వచ్చింది. పట్టీ ఈసారి కిందనే ఉందట, అక్షరాలు ఎక్కడికీ పోలేదట.