అడ్డంగా గీసిన అమ్మ

మొన్న బుధవారం మధ్యాహ్నం మా అమ్మాయి ఆఫీసు నుంచి నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. యాప్రాల్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉన్న నర్సరీలో, మనవరాలి తరగతి గది గోడ అది. పిల్లలు రంగులు వేసిన ఆపిల్ పండ్లు వరుసగా అతికించి ఉన్నాయి. అచ్చువేసిన గీత దాటకుండా, అన్నిటికీ ఒకటే ఎరుపు, ఒకటే ఆకుపచ్చ ఆకు. ఏది మా పిల్లదో కింద పేరు చదివితే గాని తెలియలేదు. బాగుందని జవాబు పెట్టాను గాని ఫోను పక్కన పెట్టలేకపోయాను. ఆ ఎరుపును చూస్తూ కూర్చుంటే నాకు మరొక ఎరుపు గుర్తుకొచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి. నా వయసువాళ్ళు చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి నాకు పాతికేళ్ళు నిండి ఉంటాయేమో. సికింద్రాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో కొత్తగా చేరాను. విలేకరులు పంపిన వార్తలు దిద్దడం, వాటికి శీర్షికలు పెట్టడం, ఫోటోల కింద రెండేసి వాక్యాలు రాయడం నా పని. డ్యూటీ సాయంత్రానికి గాని మొదలయ్యేది కాదు కనక పొద్దుటిపూట ఖాళీ. మా అక్క బన్సీలాల్‌పేట్‌లో చర్చి వెనక ఉన్న ఒక గదిలో, ఇంకా బడి ఈడు రాని పిల్లలను కూర్చోబెట్టుకుని ఆడించేది, పాడించేది, అన్నిటికంటే ఎక్కువగా బొమ్మలు గీయించేది. నాలుగేళ్ళ పిల్లకు అక్షరం కంటే ముందు గీత రావాలని ఆమె నమ్మకం. తల్లిదండ్రులు వచ్చి అ ఆలు ఎప్పుడు నేర్పుతారని నిలదీస్తే, ముందు వాళ్ళు చెప్పేది మనం విందాం, తర్వాత మనం చెప్పేది వాళ్ళు వింటారని నవ్వి పంపేసేది. అక్క మంచిదే గాని ఈ విషయంలో కొంచెం చాదస్తం అనుకునేవాణ్ణి.

ఆ బొమ్మలకు కాగితం నేను మోసేవాణ్ణి. అచ్చుయంత్రానికి ఎక్కించే పెద్ద కాగితపు చుట్ట ఎంత తిరిగినా, చివర అట్టగొట్టం చుట్టూ కొంత మిగిలిపోతుంది, అది యంత్రానికి పనికిరాదు. మా ప్రెస్సు ఫోర్‌మన్ దాన్ని చదరంగా కోయించి, పిల్లలకని కట్టకట్టి ఇచ్చేవాడు. ఇప్పుడు బన్సీలాల్‌పేట్ మెట్లబావిని బాగుచేసి దీపాలు పెట్టారు, జనం వెళ్ళి ఫోటోలు దిగుతున్నారు. అప్పుడది చెత్తతో పూడిపోయిన గొయ్యి. దాని పక్కనుంచి ముక్కు మూసుకుని, భుజాన కాగితాల కట్టతో నడిచి వెళ్ళడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

ఆ పిల్లల్లో ఒక పాప ఉండేది, నాలుగేళ్ళది. రోజూ నాయనమ్మ తెచ్చి దింపేది. తల్లి నాలుగిళ్ళలో అంట్లు తోముతుందని, తెల్లవారకముందే వెళ్ళిపోతుందని ఆమె చెప్పేది, మాకు తెలిసిందంతే. పాప మాట్లాడడం తక్కువ. రంగుల డబ్బాలో ఎర్ర ముక్క ఎక్కడుందో వెతికి పట్టుకుని, రోజూ ఒకే బొమ్మ వేసేది. కాగితం అడుగున పొడవుగా అడ్డంగా ఒక మనిషి, ఆ మనిషి నోటి దగ్గర ఎర్రటి మరక, పక్కన ఒక చిన్న సున్న, పైన ఎక్కడో ఒక చదరం. ఆ ఎర్ర ముక్క అరిగి అరిగి గోరంత అయింది.

ఒక రోజు నేను ఆమె పక్కన కూలబడి, గిట్ల అడ్డంగ పండుకున్నది ఎవరని అడిగాను. "మా అమ్మ" అంది పాప.

"మీ అమ్మ పాన్ తింటదా ఏంది, నోరంత ఎర్రగ చేసినవ్?" అన్నాను.

పిల్లలంతా గొల్లున నవ్వారు. పాన్ అంటే ఏమిటో ఆ బస్తీలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. పాప మాత్రం నవ్వలేదు, తినదు అని మెల్లగా చెప్పి మళ్ళీ గీయడంలో పడింది. మనుషులు నిలబడి ఉండాలె అంటూ నేను కాగితాన్ని నిలువుగా తిప్పాను. ఆమె దాన్ని మళ్ళీ మొదట ఉన్నట్టే తిప్పుకుంది. నేను మళ్ళీ తిప్పాను. దూరం నుంచి చూస్తున్న అక్క, "ఒరే, నీ దిద్దుడు ఆఫీసుల పెట్టుకో. ఈడ నిన్నెవ్వరు జీతానికి పెట్టుకోలేదు" అని ఎగతాళి చేసింది. నేను ఊరుకోలేదు. దిద్దడం నా వృత్తి, అందులో కొత్త మోజు. ఒక తెల్ల కాగితం తీసుకుని రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద ఒక ఇల్లు, ఇంటి ముందు తిన్నగా నిలబడి నవ్వుతున్న ఒక అమ్మను గీసి, గిట్ల వెయ్యాలె అని గోడకు అతికించాను. పది రోజులు తిరక్కుండా గదిలోని పిల్లలంతా అదే బొమ్మ వేయసాగారు. పాప కూడా. తల్లిదండ్రులు సంతోషించారు. పాప నాయనమ్మ అయితే, "ఇప్పుడు జెర సదువు లెక్క కనపడ్తుంది సారూ" అంది. అంతమంది మెచ్చుకుంటుంటే అక్క కూడా ఆ బొమ్మను గోడ మీదే ఉండనిచ్చింది.

నేను అంతటితో ఆగానా అంటే అదీ లేదు. అక్క బడి గురించి పత్రికలో చిన్న వ్యాసం రాసి, దానికి ఫోటోగా పాప వేసిన ఆ నిలబడ్డ అమ్మ బొమ్మను ఎంచుకున్నాను. అమ్మ నవ్వు అని కింద శీర్షిక పెట్టాను. నాయనమ్మ ఆ పేపరు ఒకటి అడిగి తీసుకుని కొంగున దాచుకుని వెళ్ళింది.

తర్వాత నెల కూడా గడవలేదు, పాప వరసగా నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు అక్కా నేనూ వెతుక్కుంటూ వెళ్ళాం. మెట్లబావి వెనక సందులో ఒకటే గది. తల్లి పోయి మూడు రోజులయిందట. గడప దగ్గర నాయనమ్మ కూర్చుని ఉంది, పాప ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. గోడవారన ఇంకా తీయని చాప, చాప పక్కన ఉమ్మడానికి బూడిద పోసిన చిన్న గిన్నె, పైన ఒక చదరపు కిటికీ. పడుకున్న మనిషికి కనిపించేంత కిందుగా, గోడకు అన్నం మెతుకులతో అతికించిన మా పత్రిక కాగితం. నేను ఆ గదిని అంతకుముందే చూశాను. పాప కాగితాల మీద రోజూ చూశాను. తిప్పి చూశాను.

"టీబీ సారూ," అంది నాయనమ్మ. "నోట్లకెళ్ళి రక్తం పడుతుండె. దవాఖానకు పోతే నలుగురికి తెలుస్తది, ఇండ్లల్ల పనికి రానియ్యరని దాసిపెట్టినం. దాని బదులు నేనే పోతుంటి. పొల్లకు సుత చెప్పినం, ఎవ్వరితోని అనొద్దని."

పిల్ల ఎవ్వరితోనూ అనలేదు.

సర్కారు దవాఖానా అక్కడికి నడిచిపోయేంత దూరం. క్షయకు అప్పటికే మందులున్నాయి, ఉచితంగానే ఇచ్చేవారు. ఆ ఎరుపు ఏమిటని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ తల్లి బతికేదా అంటే నాకు తెలియదు, అప్పటికే ఆలస్యమయిందేమో. ముప్ఫయ్యేళ్ళకు పైగా ఆ ఏమోను పట్టుకునే నిద్రపోతున్నాను. ఆ ఇంటి నుంచి అక్క నేరుగా బడికి నడిచింది. వెళ్ళగానే గోడ మీది నా బొమ్మను చించి పారేసింది. ఆ రోజు నుంచి పిల్లల కాగితం మీద పెద్దల చెయ్యి పడనివ్వలేదు. పిల్ల గీసినదేమిటో అడిగి, ఆ పిల్ల చెప్పిన మాటలనే కాగితం వెనక రాసిపెట్టేది. నేను కాగితాలు మోసేవాణ్ణి గాని రంగు ముక్క ముట్టుకోలేదు.

పాప మళ్ళీ కొన్నాళ్ళు వచ్చింది. కాగితమిస్తే రెండు కొండలు, సూర్యుడు, ఇల్లు వేసేది. ఇంటి ముందు ఎవరినీ వేసేది కాదు. నీకిష్టమైంది వెయ్యి తల్లీ అని అక్క ఎంత బతిమాలినా అదే. తర్వాత నాయనమ్మ ఆమెను తీసుకుని ఊరికి వెళ్ళిపోయింది. ఏ ఊరో కూడా మేము అడిగి ఉంచుకోలేదు.

ఆ బుధవారం సాయంత్రం మనవరాలు బడి నుంచి రాగానే ఆమె ముందు ఒక తెల్ల కాగితం, రంగుల డబ్బా పెట్టాను. ఆమె డబ్బాలో ఇరవై నాలుగు రంగులున్నాయి, ఎర్రదాని మొన ఇంకా అరగలేదు. కాగితం అటూ ఇటూ చూసి, "ఇందులో ఏం లేదు కదా తాతా, ఏం డ్రా చెయ్యాలి?" అంది. నీ ఇష్టం అన్నాను. చాలాసేపు ఆలోచించి, ఎక్కడ నేర్చుకుందో, రెండు కొండలు వేసింది. నడుమ సూర్యుణ్ణి పెట్టింది. కింద ఇల్లు. ఆ ఇంట్లో ఎవరున్నారని అడిగాను.

"ఎవ్వరుండరు తాతా, ఇది బొమ్మ కదా" అంది.

కాగితం వెనక్కి తిప్పి, అక్క రాసినట్టే, ఆ మాటలు ఆమె చెప్పినవి చెప్పినట్టే రాసి పెట్టుకున్నాను. ఏ మాటా దిద్దలేదు. ఆ రోజుల్లో యంత్రానికి పనికిరాని కాగితం మీద పిల్లలు తమ ఇంట్లో ఏం జరుగుతోందో రాసి ఇచ్చేవాళ్ళు, మాకు చదవడం రాలేదు. ఇప్పుడు మంచి కాగితముంది, ఇన్ని రంగులున్నాయి, చదవడానికి నాకు కావలసినంత తీరిక ఉంది. అడిగితే చెప్పడానికి పిల్ల దగ్గర మాత్రం ఆనాడు నేను గీసి గోడకు అతికించిన ఇల్లే ఉంది.