మూడు కోన్లకు కాపలా

మంఖాల్ దగ్గర, శ్రీశైలం రోడ్డుకు కొంచెం లోపలగా ఒక రేకుల షెడ్డులో హోటళ్లకు ప్లేట్లు, కప్పులు చేసే చిన్న పింగాణీ కార్ఖానా ఉంది. బట్టీ కాల్చే రోజున అజ్రా తప్ప ఇంకెవరూ ఆ వైపుకు రారు. వేడికి తట్టుకోలేక మిగతా ఆడవాళ్లంతా అవతలి కొసన ఫ్యాన్ల కింద కూర్చుని కప్పులకు పిడులు అతికిస్తారు. పొద్దున్నే గ్యాస్ వెలిగించింది మొదలు సాయంత్రం నాలుగింటిదాకా అజ్రా ఒక్కతే స్టూలు మీద కూర్చుంటుంది.

ఆమె పని చూడటం. బట్టీ తలుపులో రూపాయి బిళ్లంత కన్నం. దాని వెనక వేలెడంత మట్టి కోన్లు మూడు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో వేడికి మెత్తబడి తల వంచుతుంది. మొదటిది వంగితే సమయం దగ్గరపడిందని గుర్తు. మధ్యది వంగి దాని కొన కిందికి ఆనగానే గ్యాస్ కట్టేయాలి. మూడోది వంగకూడదు. వంగిందంటే సరుకు పాడైనట్టే.

ఆమె ఈ పనిలో చేరి పదకొండేళ్లు. తొలి ఆరేళ్లు వట్టి కళ్లతోనే చూసింది. నల్లద్దాలు వచ్చింది తర్వాతే.

భర్త ముఖీత్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపేవాడు. నాలుగేళ్ల కిందట గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. జల్‌పల్లిలోని కిరాయి గదిలో ఆమె ఒక్కతే ఎందుకుండాలో ఎవరూ చెప్పలేరు. బట్టీ దగ్గర మాత్రం ఒక్కతే ఉండటం ఆమె ఉద్యోగం. అందుకే ఆదివారాల కంటే కాల్చే రోజులే ఆమెకు నయంగా ఉండేవి.

ఏడాదిగా చూపు మసకబారుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పిడుల బల్ల దగ్గర కూర్చోబెడతారు. అక్కడి మాటలన్నీ కోడళ్లవి, మనవళ్లవి. వాటిలో కలపడానికి ఆమె దగ్గర మాటలేం లేవు.

మే నెలలో వేడి కొలిచే మీటరు చెడిపోయింది. కార్ఖానా నడిపే సంతోషి పెద్దగా పట్టించుకోలేదు. "మీటర్‌దేముంది, అజ్రక్క ఉన్నది గద!" అంది.

ఆ గురువారం మూడింటికి అజ్రా కన్నంలోంచి చూసింది. మండే నారింజ రంగులో మూడు నీడలు నిలబడే ఉన్నాయనిపించింది. నాలుగింటికీ అంతే. కన్నంలోకి మెల్లగా ఊదితే కోన్లు ఒక్క క్షణం నల్లగా తేలతాయి. ఊదింది. మళ్లీ మూడే. అయిదు కావచ్చింది. ఎన్నడూ ఇంత ఆలస్యం కాలేదు. ఇరవై అడుగుల దూరంలో తొమ్మిది మంది ఆడవాళ్లున్నారు. ఒక్క కేక వేస్తే ఎవరో ఒకరు వచ్చి చూసేవారు. వేయలేదు. అయిదున్నరకు అంచనా మీద గ్యాస్ కట్టేసింది.

శనివారం తలుపు తెరిచారు. ప్లేట్లు వంగి ఒకదాని మీదికి ఒకటి జారాయి. పూత కారి బట్టీ అరల పలకలకు అతుక్కుపోయింది. మూడు కోన్లూ మైనం ముద్దలా చతికిలబడి ఉన్నాయి.

కిందటి వారమే బర్నర్లు బాగుచేసిన రాజశేఖర్‌ను సంతోషి శంషాబాద్ నుంచి పిలిపించింది.

"నేను మంచిగనే బిగించిన మేడం," అన్నాడు అతను, బర్నర్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని.

"మంచిగ బిగిస్తే గిట్లెందుకైతది? ఇగ నువ్వు రాకు."

తలుపు పక్కనే ఉన్న అజ్రా ఆ మాట వింది. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయింది.

"ఆయన్ని అనకు సంతోషమ్మా. తప్పు నాది. కోన్లు నాకు కనబడలే."

"ఏందక్కా?"

"ఏడాది సంది సరిగ కనబడ్తలేదు."

"మరి చెప్పొద్దా?"

"ఈడ గూడ కూసోనియ్యకపోతే ఇగ యాడికి పోవాలె?"

సంతోషి రాజశేఖర్ వైపు తిరిగి, "ఏమనుకోకన్నా," అంది.

సోమవారం తనే అజ్రాను దవాఖానకు తీసుకెళ్లింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. వయసు వల్ల కావచ్చు, మంట వల్ల కావచ్చు, ఇక నిప్పులోకి చూడొద్దన్నాడు డాక్టరు. రెండు వారాల తేడాతో రెండు ఆపరేషన్లు చేశారు.

రెండో కంటి పట్టీ విప్పిన రోజు ఆమె గదికొచ్చి తలుపు తీసింది. మేకుకు ముఖీత్ చొక్కా వేలాడుతోంది. రోజూ చేత్తో తడుముతున్న చొక్కాయే. దాని కాలరు నిండా బూజు పట్టి ఉంది, జేబు కుట్లు విడిపోయాయి. తను ఇన్నాళ్లూ చూడలేదు. చొక్కా తీసి ఉతికింది. ఆరేసి, అది ఆరేదాకా పక్కనే నిలబడింది.

ఇప్పుడు కోన్లను మట్టి పట్టీలో కొద్దిగా వాల్చి నిలబెట్టడం వరకే ఆమె పని. కన్నం దగ్గర లచ్చమ్మ అనే ఆమె కూర్చుంటుంది. ఆమెకు పని నేర్పడానికి మొదటిసారి అజ్రా కూడా దగ్గరే ఉంది, బట్టీ వైపు వీపు తిప్పి.

"వంగుతున్నదక్కా, మధ్యది!"

"కొన ఆనిందా?"

"ఆనలే."

"అయితే జర ఆగు."

పైనుంచి ఒక విమానం దిగుతూ పోయింది. దాని మోత తగ్గాక లచ్చమ్మ అరిచింది. "ఆనింది!"

అజ్రా గ్యాస్ కట్టేసింది. లచ్చమ్మ సంబరంగా నల్లద్దాలు తీసి, "చూసినవా, ఎంత మంచిగ చెప్పిన!" అంటూ ఈ సంగతి చెప్పడానికి పిడుల బల్ల వైపు పరుగెత్తింది. అక్కడ నవ్వులు వినిపించాయి. అజ్రా వెళ్లలేదు. చల్లబడుతున్న ఇటుకలు చిటపటమంటుంటే కాసేపు అక్కడే కూర్చుంది.