మా సడ్డకుడి గజీబో

మా గేటు నుంచి మా సడ్డకుడి గేటుకు రెండు వందల పన్నెండు అంగలు. అది నా నడకతో. మా ఆవిడ నడకతో అయితే రెండు వందల నలభై దాటుతుంది. సడ్డకుడంటే మా ఆవిడ అక్కగారి భర్త. ఆర్మూరులో ఒకే వీధిలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాం. ఆయన పెరట్లో కూర్చోవడానికి గజీబో లేచిన మర్నాటి నుంచి మా ఆవిడ సాయంత్రం నాలుగింటికి ఫ్లాస్కులో చాయ్ పోసుకుని ఆ అంగలన్నీ నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ చాయ్ మా పెరట్లోనే, ఇంటి గోడ నీడలో, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మేమిద్దరం తాగేవాళ్లం. ఇప్పుడు నా గ్లాసు వంటగది గట్టు మీద మూతపెట్టి ఉంటుంది.

ముందుగా ఆ ఆలోచన వచ్చింది మాకే. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు గాని, ఎవరూ పట్టించుకోలేదు. రెండు వేసవుల కిందట జక్రాన్‌పల్లి దగ్గర హైవే పక్కన ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లాం. అక్కడి తోటలో అలాంటిది చూసి మా ఆవిడ చాలాసేపు అందులో కూర్చుంది. తిరిగి వస్తుంటే బస్సులో అడిగింది.

"మన పెరట్ల గుడ గసోంటిది ఒకటి ఏసుకుంటే ఎట్లుంటది?"

"చూద్దాం" అన్నాను. నేను చూద్దామంటే కొలతలు తీస్తానని అర్థం. ఇరవై రెండేళ్లుగా ఆమెకు అది తెలుసు.

నేను చదివింది తొమ్మిదో తరగతి. లెక్కలు ఆ తర్వాత పాత గైడ్లు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. కల్లంలో పసుపు కుప్ప చుట్టూ ఒక్కసారి తిరిగి ఎన్ని బస్తాలవుతుందో చెబుతాను. వంద బస్తాలకు ఒకటి రెండు తేడా వస్తుంది, అంతే. ఇల్లు కట్టేవాళ్లు ఇటుకలు ఎన్ని పడతాయో అడగడానికి ఏర్గట్ల నుంచి కూడా వస్తారు. కాబట్టి నా పెరడు విషయంలో తొందరపడదలచుకోలేదు.

వెల్డింగ్ మేస్త్రీని పిలిపిస్తే అతను రెండు రకాలు చెప్పాడు.

"గజీబో అంటే గుళ్లె మండపం లెక్కుంటది సార్. మీద కప్పు ఉంటది, ఆన పడ్డా తడువరు. పెర్గోలా అంటే మన పందిరి లెక్క. మీద పట్టీలే ఉంటయి, సందుల కెల్లి ఎండ వస్తది. తీగ పారిస్తే నీడ. ఏది చెయ్యమంటరు?"

"లెక్క చూసి చెప్తా."

పెరడు ముప్పై ఎనిమిది అడుగులు పొడవు, ఇరవై ఏడు వెడల్పు. ఏటా చలికాలం చివర ఉడకబెట్టిన పసుపు అక్కడే ఆరబోస్తాం. ఎండ సరిగా తగలకపోతే కొమ్ము లోపల పచ్చి మిగులుతుంది. అందుకని పెరడు నడుమ పది అడుగుల కర్ర పాతి, గంటగంటకూ దాని నీడ కొసన సున్నంతో గుర్తు పెట్టాను. చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. మే నెలలో మిట్టమధ్యాహ్నం నీడ కర్ర మొదట్లోనే ముడుచుకునేది. పసుపు ఆరే రోజుల్లో మాత్రం అది ఉత్తరం వైపు చాలా దూరం సాగేది. గజీబో వేస్తే పసుపు మీద దట్టమైన నీడ పడుతుంది. పెర్గోలా వేస్తే చారలు చారలుగా పడుతుంది, కాని వానకు పనికిరాదు. పట్టీల మధ్య సందు నాలుగు అంగుళాలా, ఆరా? పట్టీలు తూర్పు పడమరలుగా వేయాలా, ఉత్తర దక్షిణాలుగానా? రెండు నోటు పుస్తకాలు నిండాయి. రెండు వేసవులు గడిచాయి.

ఈ లెక్కంతా నా అంతట నేనే మా సడ్డకుడికి చెప్పాను. భీమ్‌గల్‌లో చుట్టాల పెళ్లి భోజనాల్లో పక్కపక్కన కూర్చున్నాం. విస్తట్లో పప్పుతో గీత గీసి, నీడ ఎప్పుడు ఎటు పోతుందో చూపించాను. ఆయన అప్పడం నములుతూ ఓపిగ్గా విన్నాడు.

"మస్తు లెక్క జేసినవ్ తమ్మీ" అన్నాడు.

నెల తిరగకుండా ఆయన గేటు ముందు ఇనుప పైపులు దిగాయి. మా ఇంటికి వచ్చిన మేస్త్రీయే. ఏం కొలతలిచ్చాడని అతన్ని అడిగాను. "కొలతలేం లేవు సార్. పది మంది కూసునేటట్టు చెయ్యమన్నడు" అన్నాడు. తొమ్మిది రోజుల్లో ఆరు మూలల గజీబో నిలబడింది. మీద ఎర్ర రేకు, చుట్టూ నడుమెత్తు కటకటాలు. ఏ లెక్కా లేకుండా కట్టినా బాగుంది. అదే నాకు మింగుడు పడలేదు. వంకరగా వచ్చి ఉంటే ఆయన మీద జాలిపడి ఊరుకునేవాణ్ణి.

నెల రోజులు అటు పోలేదు. నాలుగింటికి గేటు చప్పుడు, అయిదున్నరకు మళ్లీ గేటు చప్పుడు. వచ్చాక మా ఆవిడ ముఖం తేటగా ఉండేది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే "ఏమున్నయ్, ఉత్త ముచ్చట్లు" అనేది. ఆ ఉత్త ముచ్చట్లు మా పెరట్లో ఎందుకు పుట్టలేదా అని ఆలోచించేవాణ్ణి.

ఒక రోజు పని కల్పించుకుని మధ్యాహ్నం వేళ ఆయన పెరట్లోకి వెళ్లాను. ఎవరూ లేరు. జేబులో టేపు ఉంది. ఆరు వైపుల్లో ఒకటి మిగతావాటి కంటే అరడుగు పొట్టి. అంతకంటే మంచి విషయం మరొకటి దొరికింది. కప్పు అంచు ఎత్తు, నేల వెడల్పు, మార్చి నెలలో పొద్దు దిగే తీరు, అన్నీ కలిపి చూస్తే నాలుగూ నలభైకి పడమటి ఎండ కప్పు కిందుగా దూరి సరిగ్గా నడుమ కూర్చున్నవాళ్ల ముఖాన కొడుతుంది. ఇంటికి వచ్చి మూడుసార్లు సరిచూశాను. ఆ రాత్రి అన్నం రుచిగా అనిపించింది.

ఆదివారం మా ఆవిడతో పాటు నేనూ బయల్దేరాను. ఆమె ఆశ్చర్యంగా చూసి ఫ్లాస్కు నా చేతికిచ్చింది. గజీబోలో వదినగారు, సడ్డకుడు, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు.

"రా తమ్మీ, నెల దినాలకు తొవ్వ దొరికిందా" అన్నాడు సడ్డకుడు.

కూర్చున్నాను. చాయ్ తాగాను. వాచీ చూసుకుంటూ ఉన్నాను. నాలుగూ ముప్పై ఎనిమిదికి మా ఆవిడ గడ్డం మీద ఎండ పడింది. రెండు నిమిషాలకు కళ్ల మీదికి ఎక్కింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను గొంతు సవరించుకున్నాను.

"అన్నా, పడమర దిక్కు చూసుకోలేదు నువ్వు. నాలుగూ నలభైకి ఎండ లోపటికొస్తది. కప్పు అంచు ఒకటిన్నర అడుగు కిందికి దించాల్సింది."

అందరూ లేచారు. ఎవరి కుర్చీ వాళ్లు ఎత్తుకుని, ప్రహరీ గోడ నీడలోకి నడిచి అక్కడ వేసుకున్నారు. మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకున్నారు. గజీబోలో నేనొక్కణ్ణే మిగిలాను.

"ఎండొస్తే జరుగుతం" అంది వదినగారు నా వైపు తిరిగి. "రోజు గంతే."

"కాని టైమైతే మాకు తెల్వదు" అన్నాడు సడ్డకుడు. "ఇగ నువ్వు రోజొచ్చి చెప్పు తమ్మీ. నాలుగూ నలభై అయిందంటే లేస్తం."

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది, తల వెనక్కి వాల్చి. ఆ నవ్వు నేను విని చాలా కాలమైంది. ఎంత కాలమో వెంటనే చెప్పలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు నూరో అంగ దగ్గర మా ఆవిడ నా వైపు తిరిగింది.

"అండ్ల తప్పు దేవులాడనీకె వచ్చినవా?" అని అడిగింది.

"తప్పుంటే చెప్పొద్దా?"

"సరే. మనదెప్పుడు?"

పసుపు సంగతి ఎత్తుకున్నాను. గజీబో నీడ, పట్టీల సందు, ఆరే రోజులు. ఆమె ఆగి నిలబడింది.

"పసుపు ఎండేది ఎన్ని దినాలు?"

"ఇరవై. మబ్బు పడితే ఇరవై రెండు."

"కడమ దినాలు ఎన్ని?"

జవాబు నోట్లో ఉంది. మూడు వందల నలభై అయిదు. రెండు నోటు పుస్తకాల్లో ఆ అంకె ఎక్కడా లేదు. పసుపుకు పట్టే ఇరవై రోజుల్ని గంటల లెక్కన విడదీసి చూశాను. ఆమె కూర్చోవాలనుకున్న మిగతా రోజుల్ని ఒక్కసారీ కూడలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రీకి ఫోను చేసి పెర్గోలా వెయ్యమన్నాను. ఎంత పెద్దగా అని అడిగాడు. "నాలుగు కుర్చీలు పట్టేటంత" అన్నాను. కొలతలు లేకుండా ఒక పని చెప్పడం నాకు అదే మొదటిసారి. పెర్గోలాయే ఎందుకంటే నీడ చారల లెక్క ఒకటి చెప్పగలను గాని, అది అసలు కారణం కాదు. గజీబో వేస్తే ఆయనది చూసి వేసుకున్నట్టు ఉంటుంది.

వారంలో లేచింది. ఒక మూల మా ఆవిడ చిక్కుడు గింజలు పెట్టింది. సడ్డకుడు చూడటానికి వచ్చి, కూర్చుని, తలెత్తి చాలాసేపు పైకి చూశాడు.

"గిదేంది తమ్మీ, కప్పు మర్సిపోయిండ్రా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ అందుకుంది. "లేదు బావా. మా ఆయినె మబ్బులు లెక్కపెట్టుకుంటడని ఇడిసిపెట్టినం."

ఆ నవ్వు ఈసారి మా పెరట్లో వినిపించింది. ఆయన కూడా నవ్వి, రెండో గ్లాసు చాయ్ అడిగి తాగాడు. నాలుగు కుర్చీల్లో ఆయనకు ఒకటి ఎందుకు లెక్కలో వేశానా అనుకున్నాను.

చిక్కుడు తీగ ఇప్పుడు పట్టీలన్నీ కప్పింది. ఈ ఏడు పసుపు ఆరడానికి రెండు రోజులు ఎక్కువ పట్టింది. దాన్ని పుస్తకంలో రాయలేదు. మా ఆవిడ అక్కగారింటికి పోవడం మానలేదు. మానమని నేను అడగలేదు. వారంలో మూడు సాయంత్రాలు అక్కడ, నాలుగు సాయంత్రాలు ఇక్కడ. ప్రతి ఆదివారం పొద్దున ఆ వారాన్ని వేళ్ల మీద ఒకసారి సరిచూసుకుంటాను.