చూడకుండా కుట్టిన సీటు

పోయిన ఆదివారం మా మనవరాలు, దాని మొగుడు చిత్తూరు నుంచి ఒక పాత వ్యాను వేసుకుని వచ్చి మా ఇంటి ముందు దిగారు. పాతదైనా వాళ్ళకి కొత్తదే, ఈమధ్యే కొన్నారు. మామూలు వ్యాను కాదది. లోపల పొయ్యి ఉంది, నీళ్ళ తొట్టి ఉంది, పగలు కూర్చునే బెంచీ సీటును ముందుకు లాగితే పడక అవుతుంది. సెలవు దొరికినప్పుడల్లా అందులోనే వండుకుని, అందులోనే పడుకుంటూ ఊళ్ళు తిరుగుతారట, ముందుగా పులికాట్‌కి పోయి పక్షుల్ని చూస్తారట. తీరా పూతలపట్టు దగ్గర టీ తాగడానికి ఆగి, కాసేపు నడుం వాలుద్దామని సీటు లాగితే అది సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. అమ్మినవాళ్ళకి ఫోను చేస్తే కింది సరంజామా అంతా మార్చాల్సిందే, తెప్పించడానికి నెల పడుతుంది అన్నారట. ఈ సంగతంతా మా మనవరాలు చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడే ఏకరువు పెట్టింది. నేను టార్చిలైటు దాని చేతికిచ్చి, ఇనుము సంగతి తర్వాత, ముందు గుడ్డ సంగతి చూడమన్నాను. అది ఎవరినీ అడగకుండా, ఎవరేమనుకుంటారోనని చుట్టూ చూడకుండా, బెంచీ కింద వెల్లకిలా పడుకుని, కాసేపటికి సీటు జరిగే చిన్న చక్రానికి చుట్టుకుపోయిన గుడ్డ అంచును కత్తిరించి బయటికి తీసింది.

"అవ్వా, నువ్వు వ్యాను ఎక్కనైనా ఎక్కలేదే, నీకెట్ల తెలిసె?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను కానీ, ఆ రాత్రి పడుకున్నా ఆ మాటే చెవుల్లో ఉంది. నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు, మీకు ఓపిక ఉంటుంది.

నేను పుట్టింది శ్రీకాళహస్తిలో. మా పుట్టింట్లో కలంకారీ పని. కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో నానబెట్టిన గుడ్డల వాసన మధ్యే పెరిగాను, స్వర్ణముఖిలో నీళ్ళు పారినన్నాళ్ళూ గుడ్డలు జాడించాను, కాబట్టి గుడ్డ చేతికి తగిలితే చాలు దాని గుణం చెప్పగలననే పొగరు నాకు చిన్నప్పుడే ఉండేది. అలాంటి నన్ను తెచ్చి తిరుపతిలో రెక్సిన్ కుట్టే ఇంట్లో ఇచ్చారు. అయ్యో, ఆ మొదటి రోజులు! రెక్సిన్ గుడ్డా అది? పీల్చుకోదు, వాసన చూస్తే తలనొప్పి, సూది దిగితే పడిన తూటు మళ్ళీ మూసుకోదు. నెల రోజులు లోలోపల ఏడ్చి, ఆ తర్వాత దాని మీద పంతం పట్టి నేర్చుకున్నాను.

మా మామది సీట్లు కట్టే షెడ్డు. కొండకు వచ్చే యాత్రికుల వ్యాన్లకీ, మినీబస్సులకీ సీట్లు కట్టేవాడు. మా ఆయన వెల్డింగు చేసేవాడు. షెడ్డు ముందుండేది, ఇల్లు వెనకుండేది, మధ్యలో ఒక గోడ, ఆ గోడకి ఒక చిన్న కిటికీ. కొలతలు రాసిన కాగితం ఆ కిటికీలోంచి ఇవతలికి వచ్చేది, కుట్టిన తొడుగులు ఆ కిటికీలోంచే అవతలికి పోయేవి. మా అత్త కాపురానికి వచ్చినప్పటి నుంచీ, అంటే అప్పటికి ఇరవై ఏళ్ళుగా, కాలిమిషను మీద ఆ తొడుగులు కుడుతూనే ఉంది. అయితే ఒక్కనాడు కూడా ఆ గోడ దాటి షెడ్డులోకి పోలేదు. డ్రైవర్లూ క్లీనర్లూ ఉండే చోటు, ఆడవాళ్ళకి అక్కడేం పని అనేది మా మామ మాట, ఆ మాటకు ఇంట్లో తిరుగులేదు. మేం కుట్టినవి ఏ వ్యానుకి పోయాయో, ఎట్లా కూర్చున్నాయో మాకు తెలియదు. ఊళ్ళో ఏదైనా వ్యాను పోతుంటే, అందులో మా సీటు ఉందేమోనని నేను మెడ చాచి చూసేదాన్ని, మా అత్త నా మోచేతి మీద గిల్లేది.

ఇట్లా ఉండగా పులికాట్ వైపు నుంచి చేపల వ్యాపారం చేసే ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన భార్యకి వెన్నెముకకి ఆపరేషను చేశారు. ఇంటికి తీసుకుపోయేటప్పుడు కూర్చోబెట్టకూడదు, చదునుగా పడుకోబెట్టే తీసుకుపోవాలి అని డాక్టరు గట్టిగా చెప్పాడట. తన వ్యానులో వెనక బెంచీ ముందుకు జరిగి పడక అయ్యేట్టు కట్టివ్వమని అడిగాడు. మా మామ అంతకుముందు అలాంటిది కట్టలేదు. అయినా నాలుగు రోజులు కాగితాల మీద గీతలు గీసి, రెండు ఇనుప పట్టాలు, వాటి మీద బేరింగులు, పూర్తిగా బయటికి రాగానే టక్కున పడి కదలకుండా పట్టుకునే పిన్ను, అన్నీ ఆలోచించి కట్టాడు. ఉత్త ఇనుప చట్రాన్ని లాగి చూస్తే వెన్నలాగా జరిగిందని మా ఆయన అన్నం తింటూ మురిసిపోయాడు.

తొడుగు కుట్టింది నేను. మా అత్త కత్తిరించి ఇచ్చింది. కింది అంచు మడిచి కుట్టమని కాగితంలో ఉంది. నాకేమో, అంత పేదరాలు పడుకునే సీటుకి... కాదు కాదు, పేదరాలేం కాదు, అంత కష్టంలో ఉన్న మనిషి పడుకునే సీటుకి కింద బోసిగా ఇనుము కనబడితే ఏం బాగుంటుంది అనిపించింది. చీర కుచ్చిళ్ళలాగా నాలుగు వేళ్ళ మేర అంచు వదిలేసి కుట్టాను. ఆ అంచు వేలాడే చోట బేరింగు తిరుగుతుందని నాకెవరు చెప్పారు? చట్రమే చూడనిదాన్ని! తొడుగు వేసి, చట్రం మీది చెక్కకి మేకులు కొట్టేశాక మగవాళ్ళు మళ్ళీ లాగి చూడలేదు. వ్యాను ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నాలవేళకి వ్యాను తిరిగి వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆసుపత్రిలో సీటు లాగితే చాలావరకు వచ్చింది, కాబట్టి సరిపోయిందనుకుని ఆమెను పడుకోబెట్టేశారు. పిన్ను మాత్రం పడలేదు. బ్రేకు వేసినప్పుడల్లా సీటు రెండు వేళ్ళ మేర అటూ ఇటూ కదులుతోంది, కదిలినప్పుడల్లా ఆమెకి కుట్ల దగ్గర ప్రాణం పోతోంది. ఇంటి దాకా అట్లా పోయే పని కాదు. పోనీ దింపి మళ్ళీ ఎక్కిద్దామంటే ఒకసారి ఎత్తినందుకే స్పృహ తప్పినంత పనైందట. ఇవన్నీ కిటికీలోంచి మాకు వినబడుతూనే ఉన్నాయి. మా ఆయన కింద దూరి సుత్తితో మెల్లగా తట్టసాగాడు. ఒక్కొక్క దెబ్బకీ పైన ఆమె మూలుగు. "అబ్బా, కొట్టద్దప్పా, మా ఆడమనిషి తట్టుకోలేదు" అని ఆ పెద్దాయన ఏడుపు గొంతుతో అంటున్నాడు.

ఆ చప్పుడులో నాకొకటి తెలిసింది. ఇనుముకి ఇనుము తగిలి బిగుసుకుంటే వచ్చే మోత కాదది, మెత్తగా ఉంది. మన కాలం ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు, కుట్టుమిషను గుడ్డను లోపలికి మింగేసినప్పుడు అట్లాగే మూగబోతుంది. మింగింది నేను వదిలిన అంచునే. మిషను గుడ్డను మింగితే లాగకూడదు, లాగితే ఇంకా బిగుస్తుంది. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పాలి. అక్కడేమో మగవాళ్ళు ముందుకే కొడుతున్నారు.

నేను కత్తెర తీసుకుని లేచాను. మా అత్త చెయ్యి పట్టుకుంది. "ఊరికే ఉండు మ్మే, మొగోళ్ళు ఉండారు కదా, సూసుకుంటారు" అంది. నిజం చెప్పొద్దూ, ఆగిపోదామనే అనిపించింది. పోతే గోడ దాటినట్టు, దానికి తోడు తప్పు నాదేనని బయటివాళ్ళ ముందు ఒప్పుకున్నట్టు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, పుట్టింటికి పంపించేస్తే నా గతేమిటి? ఇంతలో ఆమె మళ్ళీ మూలిగింది. ఇక నా వల్ల కాలేదు.

"మామా, ఇంక కొట్టనీయద్దండి. తప్పు నాది, కింద అంచు ఎక్కువ వదిలినాను" అని చెప్పేసి, ఎవరి ముఖమూ చూడకుండా చీర కొంగు బిగించి బెంచీ కింద దూరాను. నేననుకున్నట్టే రెక్సిన్ బేరింగు చుట్టూ చుట్టుకుపోయి ఉంది. మా ఆయన్ని సీటును వెనక్కి ఒక్క గోరంత నెట్టమని, నేను వేళ్ళతో బేరింగును వెనక్కి తిప్పుతూ వచ్చాను. వేళ్ళు తెగాయి, కళ్ళలో దుమ్ము పడింది, గుడ్డ మాత్రం కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. మిగులు అంచును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కత్తిరించేశాను. సీటు మెల్లగా జరిగింది, పిన్ను టక్కున పడింది. పైనుంచి, సెలైను సూది గుచ్చిన చోట ప్లాస్టరు అంటించిన ఒక చెయ్యి కిందికి వేలాడి, వెతుక్కుంటూ వచ్చి నా తల నిమిరింది. "నీ కడుపు సల్లగుండ, కూతురా" అంది. ఆమె ముఖం నేను చూడలేదు, నా ముఖం ఆమె చూడలేదు. వ్యాను వెళ్ళిపోయింది.

ఆ రోజంతా మా మామ నాతో మాట్లాడలేదు. మా ఆయన ముఖం మాడ్చుకుని తిరిగాడు. నేను రెండు చీరలు మడిచి సంచిలో పెట్టుకుని కూర్చున్నాను, అంత పిరికిదాన్ని అప్పుడు.

తెల్లవారి మా మామ గోడ పక్క తలుపు గడియ తీసి, "అమ్మణ్ణీ, మీ అత్తను పిల్చుకోని ఇట్ల రా" అన్నాడు. షెడ్డులో యాత్రికుల వ్యాను ఒకటి ఉంది. మా ఇద్దరినీ అందులోకి ఎక్కమన్నాడు. పట్టా ఎక్కడ ఉంటుందో, గుడ్డ ఎక్కడ ఇనుముకి తగులుతుందో, మనిషి బరువు ఎక్కడ పడుతుందో, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. చూపించి, "ఇన్నాళ్ళూ మీకు సూపీకుండా కుట్టమన్నాను, తప్పు నాదే" అన్నాడు. మా మామ నోట ఆ మాట వినడం అదే మొదలు.

మా అత్త మాత్రం ఆ మాట విన్నట్టే లేదు. తాను కుట్టిన సీటు మీద మెల్లగా కూర్చుని, కుట్టు వెంబడి అరచెయ్యి పెట్టి తడుముతోంది. కాసేపటికి నా వైపు తిరిగి, "కుట్టు సరిగ్గా తొడ కింద ఒత్తుకుంటా ఉండాది మ్మే. ఇరవై ఏండ్లు ఎంతమందికి ఒత్తుకునిందో! కూసోని సూసింటే ఈడ కుట్టేదాన్నే కాదు గదా" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. మా మామ బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

మర్నాటికి మా అత్త మిషను షెడ్డులోకి వచ్చేసింది. ఆమె ప్రతి సీటు మీదా తాను కూర్చుని, నన్ను కూర్చోబెట్టి, వచ్చిన డ్రైవర్లను కూడా కూర్చోబెట్టి అడిగేది. కుట్లన్నీ అంచు కిందికి దిగిపోయాయి. "ఆడ కూసోప్పా, యాడ ఒత్తుతుండాదో సెప్పు" అని ఆమె గదమాయిస్తుంటే మీసాల డ్రైవర్లు బుద్ధిగా కూర్చుని చెప్పేవాళ్ళు. నేను పిల్లల్ని కన్నాను, పెంచాను, పట్టాలు బిగించడం కూడా నేర్చుకున్నాను. మా అత్త పోయేదాకా ఆ షెడ్డులో ఆమె మాటే చెల్లింది.

ఇప్పుడు సీట్లన్నీ తయారై పెట్టెల్లో వస్తున్నాయి. షెడ్లు మూతబడ్డాయి. బాగా కుడుతున్నారు, కాదనను, ఆ నున్నదనం మా కాలిమిషన్లకు ఎప్పటికీ వచ్చేది కాదు. ఇప్పటి పిల్లలకి ఏ గోడా అడ్డం లేదు, చూస్తే కడుపు నిండుతుంది. అయినా అలాంటి సీటు మీద చెయ్యి వేసినప్పుడల్లా, ఎక్కడో ఏ ఊళ్ళోనో పెద్ద హాలులో వరుసగా కూర్చుని ఆ కుట్టు వేసిన ఆడపిల్ల గుర్తొస్తుంది. తాను కుట్టింది ఎక్కడ కూర్చుంటుందో, దాని మీద ఎవరు పడుకుంటారో, ఆమెని పిలిచి ఎవరైనా చూపించారో లేదో.